చెవికి గింజ అంటిస్తే బీడీ మానతారా?

జుమా నమాజు ముగుస్తుంది. దుఆ చేసుకుని, చెప్పులు వెతుక్కుని జనం బయటికొస్తారు. మస్జిదు మెట్లు దిగి పదడుగులు వేస్తారో లేదో, మూలనున్న పాన్ డబ్బా ముందు అగ్గిపుల్ల వెలుగుతుంది. ఖుత్బా సాగినంతసేపూ ఓపికపట్టిన చేతులు జేబులోకి పోతాయి. ఇది మన పాఠకులకు కొత్త దృశ్యం కాదు. వెలిగించేవారిలో మన అన్నదమ్ములు, మామూలు, చిచ్చాలు ఉన్నారు. కొన్ని ఇళ్లలో నాన్నలూ ఉన్నారు. అందుకే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాం.

ఎత్తుకోవడానికి ఇంకో కారణం, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసిన సోదరి బీడీలు చుడుతుంది. భర్త బీడీలు తాగుతాడు. ఇరవై రెండేళ్ల అలవాటు. పట్నంలో ఎవరో శిబిరం పెట్టి, చెవికి గింజలు అంటించి పొగ మానిపిస్తున్నారని విని ఆయన్ని తీసుకెళ్లింది. అయిదు సార్లు రమ్మన్నారు, రెండు వేల రూపాయలు తీసుకున్నారు. మొదటి వారం ఆయన బీడీ ముట్టలేదు. ఇల్లంతా పండగే! తొమ్మిదో రోజున పొలం దగ్గర ఎవరితోనో మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రం ఒకటి వెలిగించాడు. మరునాటికి మళ్లీ కట్ట. ఆమె బాధ పోయిన డబ్బు గురించి కాదు. "గింజలు అంటించుకున్నా నా వల్ల కాలేదు, ఇక ఈ జన్మకు కాదు" అని ఆయన చేతులెత్తేశాడట. ఈ వైద్యం నిజమా, మోసమా చెప్పండి అని ఆమె అడిగింది. ఆ శిబిరం ఎవరిదో మేము రాయం, ఆ అవసరమూ లేదు. అలాంటివి చాలా ఊళ్లలో ఉన్నాయి.

ముందు ఈ వైద్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. చీనాలో వేల ఏళ్లుగా ఇలాగే ఉందని బోర్డుల మీద రాస్తారు. సూదుల వైద్యం చీనాలో పాతదే. కాని చెవి మీద ఒంటినంతా పటంలా గీసి చూపడం ఈ కాలపు పనే. ఆ పటం గీసినవాడు ఫ్రాన్సులోని లియోన్ నగర వైద్యుడు పాల్ నోజియే. తన దగ్గరికి వచ్చే తుంటినొప్పి రోగుల్లో కొందరి చెవుల మీద చిన్న వాత మచ్చలు ఆయనకు కనిపించాయి. ఆరా తీస్తే, దక్షిణ ఫ్రాన్సులో ఒక నాటువైద్యురాలు చెవి మీద వాత పెట్టి తుంటినొప్పి తగ్గిస్తోందని తెలిసింది. మన పల్లెల్లోనూ వాతలు పెట్టేవారు ఉండేవారు గనుక మనకిది వింతగా తోచదు. నోజియే దాన్ని పట్టుకుని కొన్నేళ్లు పరిశీలించి, చెవి ఆకారం తల్లి కడుపులో తలకిందులుగా ఉన్న శిశువులా ఉంటుందని, తమ్మె తలకు, పైభాగం కాళ్లకు చెందుతాయని 1950ల చివర ప్రచురించాడు. చీనా వైద్యులు దాన్ని అందిపుచ్చుకుని తమ పద్ధతిలో పెంచుకున్నారు.

మత్తు అలవాట్లకు దీన్ని వాడడం హాంకాంగులో మొదలైంది, అదీ అనుకోకుండా. 1972లో అక్కడి క్వాంగ్ వా ఆస్పత్రిలో వెన్ అనే మెదడు శస్త్రచికిత్స వైద్యుడు, నల్లమందు అలవాటున్న ఒక రోగికి శస్త్రచికిత్సకు ముందు నొప్పి తెలియకుండా సూదులు పెట్టి సన్నని విద్యుత్తు ఇచ్చాడు. నల్లమందు అందక పడుతున్న బాధ తగ్గిపోయిందని ఆ రోగే చెప్పాడు. వెన్ మరి కొందరి మీద ప్రయత్నించి 1973లో ఆ సంగతి రాశాడు. అది అమెరికా చేరింది. న్యూయార్కులో బీదలుండే సౌత్ బ్రాంక్స్ పేటలోని లింకన్ ఆస్పత్రిలో, హెరాయిన్‌కు బానిసలైన వారికి 1970ల మధ్యనుంచి చెవిలో సూదులు పెట్టడం మొదలుపెట్టారు. చెవికి అయిదు చోట్ల సూదులు. అందరూ ఒకే గదిలో ముప్పావుగంట నిశ్శబ్దంగా కూర్చుంటారు. 1985లో దానికొక సంఘమూ ఏర్పడింది. పొగాకుకు చెవి వైద్యం ఈ వరుసలోనే వచ్చింది. సూది బదులు ఆవగింజంత విత్తనాన్ని చిన్న ప్లాస్టర్‌తో చెవికి అంటించి, రోజుకు నాలుగైదు సార్లు వేలితో నొక్కుకోమంటారు. మన దగ్గర మెంతిగింజ అంటించేవారూ ఉన్నారు.

ఇందులో అసలేమీ లేదని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. చెవి దొప్పలోకి, అంటే రంధ్రం పక్కనున్న గుంటలోకి, వేగస్ అనే పెద్ద నరం కొమ్మ ఒకటి వస్తుంది. గుండెకు, ఊపిరితిత్తులకు, కడుపుకు పోయేది కూడా ఆ నరమే. చెవిలో పుల్ల పెట్టి గోకితే కొందరికి దగ్గు వస్తుంది, చూసే ఉంటారు. అది ఈ నరం పనే. కాబట్టి చెవిని తాకితే లోపల ఏదో కదులుతుందనడం గాలిమాట కాదు. కాని దగ్గు రావడం వేరు, ఇరవై ఏళ్ల బీడీ అలవాటు పోవడం వేరు. ఆ రెంటి మధ్యనున్న దూరాన్ని శిబిరాల వారు ఒక్క గెంతులో దాటేస్తారు.

పరీక్షలు ఏం చెప్పాయి? లింకన్ ఆస్పత్రి పద్ధతిని కొకైన్ అలవాటు మీద పరీక్షించినప్పుడు, 2000లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో మంచి ఫలితమే కనిపించింది. అందరూ సంతోషించారు. 2002లో 620 మందితో అదే పరీక్ష పెద్దగా చేశారు. సరైన చోట సూదులు పెట్టినవారికి, వేరేచోట పెట్టినవారికి, సూదులే లేకుండా హాయిగా కూర్చోబెట్టి బొమ్మలు చూపించినవారికి తేడా కనిపించలేదు. ఇక పొగాకు సంగతి. ప్రపంచంలో జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2014లో 38 అధ్యయనాలు పరిశీలించింది. సూదులు, నొక్కుడు, లేజరు అన్నీ అందులో ఉన్నాయి. తొలి వారాల్లో కొంత మేలు ఉండవచ్చని, ముఖ్యంగా చెవి మీద గింజ ఉంచి నొక్కుకునే పద్ధతిలో ఆ సూచన ఉందని తేలింది. ఆరు నెలలు, ఆపైన పొగ మానేసి ఉండడానికి ఇవి తోడ్పడతాయనడానికి మాత్రం నమ్మదగిన ఆధారం దొరకలేదు. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీల వంటి వాటితో పోలిస్తే సూదుల వైద్యం వెనకబడింది.

ఆ సోదరి భర్తకు జరిగింది కూడా అచ్చంగా ఇదే. మొదటి వారం గట్టెక్కింది, తర్వాత జారింది. వైద్యం చేసినవారు "ఇది వారం, పది రోజులు ఆసరాగా ఉంటుంది, ఆ తర్వాతి దారి వేరే చూసుకోవాలి" అని చెప్పి ఉంటే ఆయన తొమ్మిదో రోజుకు సిద్ధంగా ఉండేవాడు. వాళ్లు చెప్పింది "కోరికే చచ్చిపోతుంది" అని. కోరిక చావలేదు. చావకపోతే తప్పు తనదేననుకున్నాడు. మా కోపం రెండు వేల రూపాయల మీద కన్నా దీని మీదే ఎక్కువ. పోయిన డబ్బు మళ్లీ వస్తుంది. మానగలననే నమ్మకం పోతే, తిరిగి ప్రయత్నించేలోగా ఏళ్లు గడుస్తాయి. అసలు సంగతేమిటంటే, పొగ మానినవారిలో చాలామంది ఒకటి రెండు సార్లు జారి, ఆ తర్వాత మానినవారే. ఏ సాయమూ లేకుండా ఒకసారి ప్రయత్నించి ఏడాది పాటు నిలబడేవారు నూటికి అయిదుగురు కూడా ఉండరు. తొమ్మిదో రోజున జారడం రోగలక్షణం, దాన్ని పరువు సమస్య చెయ్యకూడదు.

నికోటిన్ పీల్చిన పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రెండు గంటలకు దాని మోతాదు రక్తంలో సగానికి పడిపోతుంది. మెదడు మళ్లీ అడుగుతుంది. మానిన తర్వాత రెండు మూడు రోజులు ఈ అడగడం చాలా ఎక్కువగా ఉంటుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం, మనసు నిలవకపోవడం, ఆకలి అన్నీ ముసురుకుంటాయి. మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఒక్కొక్క కోరిక అల కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు చేతికి, మనసుకు వేరే పని ఉంటే అల దాటిపోతుంది. చెవి మీద గింజ నొక్కుకోవడం ఉపయోగపడేది ఇక్కడేనని మా అభిప్రాయం. ఏ బిందువు నొక్కామన్నది అంత ముఖ్యమని పరీక్షల్లో తేలలేదు. జేబులోకి పోబోయే చెయ్యి చెవి దగ్గరికి పోయిందన్నదే లాభం.

ఇక్కడ మన ఇళ్లలో తిరుగుతున్న ఒక మాట కూడా చెప్పుకోవాలి. వజూలో చెవుల మసహ్ చేస్తాం కదా, అదే ఆక్యుప్రెషర్, పధ్నాలుగు శతాబ్దాల క్రితమే మనకు నేర్పారు అని కొందరు ఉత్సాహంగా చెబుతున్నారు, కరపత్రాలు వేస్తున్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని వజూ ఆరాధనకు సన్నాహం. దాన్ని వైద్యంగా చూపి గొప్ప తేవాలనుకోవడం మాకు నచ్చదు. రేపు ఆ వైద్యం నిలవకపోతే వజూ విలువ తగ్గుతుందా? తడి వేలితో ఒక్కసారి తుడవడానికీ, గింజను నిమిషాల తరబడి నొక్కడానికీ పోలిక కూడా లేదు. అయిదు పూటలా వజూ చేసేవారిలో ఎంతమంది బయటికొచ్చి వెలిగిస్తున్నారో మొదట్లోనే చెప్పుకున్నాం. ఒక ఉపయోగం మాత్రం కాదనలేం. నోరు పుక్కిలించి, ముఖం కడుక్కుని నమాజుకు నిలబడ్డవాడికి ఆ పూటకు కోరిక అల దాటుతుంది. ఆ పక్కన నిలబడ్డవాడికీ మన నోటి వాసన తప్పుతుంది. ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దన్న ప్రవక్త (స) బోధ తెలిసినవాళ్లం, బీడీ వాసన దానికన్నా తక్కువని అనగలమా?

పొగాకు ధర్మసమ్మతమా, మక్రూహా, హరామా అన్న చర్చ పాతది. పొగాకు మన దేశానికి వచ్చిందే నాలుగు శతాబ్దాల కింద గనుక తొలి ధర్మశాస్త్ర గ్రంథాల్లో దాని పేరు ఉండదు. మన దక్కన్‌కు ఇందులో ఒక పాత్ర ఉంది. బిజాపూర్ వెళ్లిన అసద్ బేగ్ అనే మొగలు ఉద్యోగి అక్కడ పొగాకు చూసి, అందమైన గొట్టంతో సహా తెచ్చి అక్బర్‌కు సమర్పించాడు. అది 1604 ప్రాంతం. ఆస్థాన హకీములు అభ్యంతరం చెప్పారు. చక్రవర్తి రెండు దమ్ములు లాగి వదిలేశాడు, దర్బారు పెద్దలు మాత్రం వదల్లేదు. 1617లో జహంగీర్ పొగాకు నిషేధించాడు. ఫలితం అందరికీ తెలిసిందే. చక్రవర్తి ఫర్మానాకు లొంగనిది శిబిరం గింజకు లొంగుతుందా అని మాకు ఒక్కోసారి నవ్వొస్తుంది. పూర్వపు ఉలమాలో అనేకులు దీన్ని మక్రూహ్ అన్నారంటే, అది ప్రాణం తీస్తుందన్న సంగతి అప్పటికి తేలలేదు. ఇప్పుడు తేలింది. మన దేశంలోనే పొగాకు వల్ల ఏటా 13 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. అందుకే ఈ కాలపు ఉలమాలో చాలామంది హరామ్ అంటున్నారు.

రమజాన్ సంగతికి వద్దాం. పొగ తాగితే రోజా భంగమవుతుంది. కనుక కట్ట తాగేవాడైనా సహరీ నుంచి ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు ముట్టడు. అంటే నికోటిన్ మోతాదు ఆరేడు సార్లు సగానికి సగం పడిపోయేంతసేపు ఓర్చుకుంటున్నాడు. "నా వల్ల కాదు" అనేవాడు ఏటా ముప్ఫై రోజులు తన వల్ల అవుతుందని రుజువు చేస్తున్నాడు! చిక్కంతా ఇఫ్తార్ తర్వాతే. ఖర్జూరం నోట్లో ఉండగానే వీధి మలుపు వైపు కళ్లు పోతాయి. మగ్రిబ్ నుంచి ఇషా దాకా, తరావీహ్ ముగిసిన తర్వాత, ఈ రెండు వేళలు గట్టెక్కితే నెల గట్టెక్కినట్టే. గింజ నొక్కుకునేవారు పగలు కాదు, ఈ వేళల్లో నొక్కుకోవాలి. ఒంటిమీద గింజ అంటించి నొక్కడం వల్ల రోజాకు భంగమేమీ లేదు. నికోటిన్ గమ్ పగలు నమిలితే మాత్రం రోజా పోతుంది. అది ఇఫ్తార్ తర్వాత వాడవలసింది. చర్మానికి అంటించే పట్టీ గురించి మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

మరి నిలిచే దారి ఏది? వైద్యుడి సలహా, మందు, వెంట ఉండే మనిషి. నికోటిన్ గమ్, పట్టీలు వాడితే మానగలిగే అవకాశం ఒకటిన్నర రెట్లవుతుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మందులను 2021లో చేర్చింది. ఇవి వైద్యుడు రాయవలసిన మందులు, సొంతంగా కొనుక్కునేవి కావు. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఒకటుంది, 1800-11-2356. తెలుగులోనూ మాట్లాడతారు. మానే తేదీ నిర్ణయించి, తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంత ఉండగా రెండు వేలు పోసి గింజలు కొనడం ఏమిటని మా ప్రశ్న.

ఇవన్నీ చేస్తూ దానికి తోడుగా గింజలు కూడా పెట్టుకుంటామంటే మేము వద్దనం. గింజ ఖరీదు పైసల్లో ఉంటుంది. చెవి పైభాగంలో మడత కింద ముక్కోణపు గుంట ఒకటుంది, రంధ్రం పక్కన దొప్ప ఉంది. ఈ రెండు చోట్లా అంటిస్తారు. పుండ్లు, గజ్జి ఉన్న చెవికి అంటించకూడదు. ప్లాస్టర్ పడక దురదపెడితే తీసెయ్యాలి. మూడు నాలుగు రోజులకు మించి ఉంచకుండా చెవి మార్చుకోవాలి. గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా పెట్టుకోకూడదు. చెవిలో సూదులు గుచ్చి అలాగే వదిలేసే పద్ధతి మాత్రం వద్దు. చెవి మృదులాస్థికి చీము పడితే తొందరగా మానదు, చెవి ఆకారమే చెడిపోవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఆ భయం మరీ ఎక్కువ.

బీడీ చుట్టే ఇళ్ల గురించి రెండు మాటలు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు వేలాది మంది మన ఆడపడుచుల చేతి కూడు బీడీ మీదే. వారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. కాని బీడీ సిగరెట్టు కన్నా మేలు, ఆకే కదా అనే మాట ఆ ఇళ్లలోనే ఎక్కువ వినిపిస్తుంది. అది నిజం కాదు. ఆరిపోకుండా బీడీని గట్టిగా, మాటిమాటికీ లాగాలి. పొగ ఇంకా లోతుకు పోతుంది. ఇంట్లో తట్టనిండా బీడీలుండగా మానడం, మిఠాయి కొట్టులో కూర్చుని తీపి మానడం లాంటిదే. చుట్టిన కట్టలు ఆ పూటకాపూట కమీషన్‌దారుకు చేర్చడమో, పెట్టెలో పెట్టి తాళం ఆమె దగ్గరే ఉంచుకోవడమో చెయ్యాలి. ఇంట్లో ఎక్కడా వెలిగించవద్దని ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే, మానకముందే కొంత మేలు ఇంటికి దక్కుతుంది. 2016-17లో దేశమంతటా జరిగిన సర్వేలో నూటికి 38 మందికి పైగా పెద్దలు తమ ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నట్టు తేలింది. పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలనుకుంటున్నట్టు కూడా ఆ సర్వేలోనే తేలింది. వాళ్లను తిట్టేకన్నా "ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగే మనిషి ఇంట్లో ఉండడం మంచిది.

ఉత్తరం చివర ఆ సోదరి ఇంకో చిన్న ప్రశ్న వేసింది. శిబిరంలో ఇచ్చిన గింజల పొట్లం సగం మిగిలిపోయింది, పారేయమంటారా అని. పారేయవద్దు తల్లీ. ముందు ఆ ఫోన్ నంబరు మీ ఆయన చేతికివ్వండి, ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి చూపించండి. తేదీ ఆయన్నే నిర్ణయించమనండి. ఆ రోజు ఉదయం మీ చేత్తోనే ఒక గింజ అంటించండి. తొమ్మిదో రోజు వస్తుందని ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు పొలానికి ఒంటరిగా పంపకండి.